అరుగుమీది చదరంగము

ఇబ్రహీంపట్నపు రింగు కడ, హైదరాబాదునకు పోవు రహదారియు జగదల్‌పూరు దిక్కునకు మరలు రహదారియు విడిపోవు తావున, లారీల హోరు రేయింబవళ్ళలో ఏ వేళను సద్దుమణుగుట మేమెరుగము. ఆ హోరునకు రెండు వీధుల లోపల, ఒక ప్రక్క థర్మల్ కేంద్రపు పొగగొట్టములును, మరియొక ప్రక్క కొండపల్లి కొండయు కానవచ్చు ఒక మిత్రుని ఇంటి అరుగుమీద, ఆదివారము నాలుగు గంటలు మొదలుకొని దీపములు పెట్టువేళ దాక నలుగురైదుగురు కూడి చదరంగమాడుట కొన్నియేండ్లుగా నడచుచున్నది. వారిలో పేరుమోసిన ఆటగాడు ఒక్కడును లేడు. ఒకరిద్దరికి అంతర్జాతీయ సమాఖ్యవారి రేటింగు కలదు గాని, అది పత్రికల కెక్కదగినంతటిది కాదు. మిగిలినవారికి అదియును లేదు. అట్టి అరుగుమీద గడచిన మాసమున నేను చూచిన ఒక ఆటను గూర్చియు, అట్టి ఆటలయెడ మన సంఘము చూపుచున్న చిన్నచూపును గూర్చియు చెప్పవలసినది నాకు కొంత కలదు.

ఆడినవారిలో ఒకరు థర్మల్‌లో ముప్పదియేండ్లకు పైగా షిఫ్టు పనిచేసి విరమించిన పెద్దమనిషి. రెండవవాడు డిప్లొమా చదువుచున్న కుర్రవాడు. ఇరువురును క్లబ్బు స్థాయివారు. అనగా ఎత్తులు తెలిసినవారు, రెండు మూడు ప్రారంభములు వంటబట్టినవారు, ఎదుటివాని ఎత్తులో మోసము ఉండునని ఎరిగియు దినమున కొకమారు అందులో పడువారు. బల్ల అనుటకు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకొను రెక్సిన్ పట. దాని మడతలు ఎన్ని యేండ్లు సాపుచేసినను పోవు. పావులు ప్లాస్టిక్‌వి. నల్ల పావులలో ఒక ఏనుగు ఎప్పుడో పోయినది. దానికి బదులుగా ఇంటివారు కొండపల్లిలో కొనిన బొటనవ్రేలెడు పొణికికఱ్ఱ ఏనుగును నిలిపినారు. రంగు కొంత వెలసి, తొండము కొన విరిగియున్న ఆ బొమ్మ, తక్కిన పావుల నడుమ నిజమైన ఏనుగువలెనే నిలుచుండును. ఇంగ్లీషువారు కోటబురుజు చేసికొనిన ఆ పావును మన భాష నేటికిని ఏనుగనియే పిలుచుచున్నందున, ఆ అరుగుమీద పేరునకును రూపునకును వైరుధ్యము లేకపోయెనని నాకు తోచినది.

కుర్రవాడు తెల్లపావులు పుచ్చుకొని రాజుముందరి బంటును రెండు గళ్ళు నడపెను; పెద్దాయన అట్లే చేసెను. గుర్రములు వెలువడినవి, శకటులు మూలదారులు పట్టినవి, ఇరువైపుల రాజులు కోట కట్టుకొనిరి. ఇది ఇటాలియన్ ప్రారంభమని పుస్తకములు పేర్కొనును. మన పాత దేశవాళి ఆటలో బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే నడచెడిది. కోట కట్టుట లేదు. రాజు మాత్రము ఆటలో ఒక్కమారు గుర్రమువలె దుమికి తప్పించుకొనవచ్చెడిది. పెద్దాయనకు ఆట నేర్పిన మేనమామ ఆ పద్ధతిలోనే ఆడెడివాడట. కనుకనే కాబోలు, ఆయన నేటికిని కోట కట్టునపుడు రాజును ఒక చేతను ఏనుగును మరియొక చేతను పట్టి, ఏదో అప్పు చేయుచున్నవానివలె జంకుచు జరుపును. అప్పుడెల్ల కుర్రవాడు రెండు చేతులు వాడరాదని నియమము గుర్తుచేయును.

ఇరువది ఎత్తులు దాటిన పిమ్మట కుర్రవాని గుర్రమొకటి నడిబల్లలో దిక్కులేక నిలిచిపోయెను. దానిని కాచు పావు లేదు. పెద్దాయన శకటు సరిగా ఆ మూలదారియందే కాచుకొనియున్నది. అరుగు చివర కూర్చుండి చూచుచున్న మాకు ముగ్గురకును ఒక్కమారే ఊపిరి బిగిసినది గాని, ఆడువారికి చూచువారు చెప్పరాదన్నది అరుగు ధర్మము. పెద్దాయన నాలుగు నిమిషము లాలోచించి, శకటును వదలి, ఆవలి ప్రక్కన మంత్రిని ఒక గడి జరిపెను. ఆయన చూపంతయు ఎదుటి రాజుమీద నున్నది. కనుల యెదుట నున్న గుర్రము కనబడలేదు. అంతకంటె విశేష మేమనగా, కుర్రవాడును తన గుర్రము చావు తప్పించుకొన్నదని ఎరుగడు. మరి యొక పనికై దానిని అచ్చటినుండి తీసికొనిపోయెను. ఒక పొరపాటు మరియొక పొరపాటుతో చెల్లిపోయెను. ఆట ఏమియు జరుగనట్లు సాగినది.

ఆ పిదప పావులు ఒకటొకటిగా రాలిపోయి, తెల్లవారికి రాజు, ఏనుగు, ఒక బంటు; నల్లవారికి రాజు, ఆ కొండపల్లి ఏనుగు మాత్రము మిగిలినవి. తెల్లబంటు రాజుగారి నిలువువరుసలో అయిదవ గడికి చేరినది; ప్రక్కనే దాని రాజు; తెల్లఏనుగు ఏడవ అడ్డవరుసను పట్టుకొని నల్లరాజును కట్టకడపటి వరుసలో బంధించినది. నల్లఏనుగు తనవైపునుండి మూడవ వరుసలో, ఎడమ చివర నిలిచియున్నది. పెద్దాయన చేయి దానివైపు సాగెను. దానిని చివరకంట దింపి వెనుకనుండి తెల్లరాజునకు షా చెప్పవలెనన్నది ఆయన తలంపని ఆ చేయి చెప్పుచునేయున్నది. బొమ్మకు అంగుళము మీద ఆ వ్రేళ్ళు ఆగినవి. ముట్టిన పావును కదపి తీరవలెనను నియమ మొకటి యున్నది గదా. ముట్టెనా, వెనుకకు పోవుటకు వీలులేదు. షిఫ్టులలో ఏండ్లకొలది స్పానరు పట్టి కణుపులు కాయగాచిన ఆ వ్రేళ్ళు గాలిలో అట్లే నిలిచి, కొంచెము వణకి, మెల్లగా వెనుకకు వచ్చి మోకాలిమీద వ్రాలినవి.

ఆయన మరల ఆలోచించెను. ఏనుగును ఇప్పుడే క్రిందికి దింపినచో తెల్లరాజు ముందునకు చొచ్చుకొని వచ్చి, తన బంటునే వెనుక గొడుగుగా నిలుపుకొని, నిలువున వచ్చు షాలనుండి తలదాచుకొనును. అట్లుగాక ఏనుగు మూడవ వరుసనే కాచుకొని అటునిటు తిరుగుచుండెనా, రాజు ఆ గీత దాటలేడు. దాటుటకు బంటును ముందు పంపవలెను. బంటు ముందునకు పోయిన క్షణమున రాజునకు గొడుగు లేదు. అప్పుడు ఏనుగు చివరకంట దిగి వెనుకనుండి ఎన్ని షాలైనను చెప్పవచ్చును. ఈ రక్షణను 18వ శతాబ్దమున ఫ్రెంచి సంగీతకర్తయు చదరంగ ప్రవీణుడును అయిన ఫిలిడోరు వివరించెను. నేటికిని దానికి ఆయన పేరే. పెద్దాయన ఫిలిడోరు పేరు వినలేదు. ఆయన ఆ అరుగుమీద, పది నిమిషముల ఆలోచనతో, ఆ సంగతిని తానై కనుగొనెను. ఏనుగు ఒక గడి ప్రక్కకు జరిగెను. మరుసటి ఎత్తున తిరిగి వచ్చెను. కుర్రవాడు రాజును అటు నడపెను, ఇటు నడపెను, దారి లేదు. కడకు విసిగి బంటును తోసెను. విరిగిన తొండపు ఏనుగు బల్ల ఈ చివరనుండి ఆ చివరకు దిగెను. ఆ తరువాత షా, షా, షా. తెల్లరాజునకు నిలువనీడ లేదు.

“సరేలే తాతగారూ, డ్రా” అని కుర్రవాడు చేయి చాపెను. “గెలవాల్సిన ఆట” అని తనలో గొణుగుకొనెను.

రేటింగుల లెక్క చూచినచో, సమానమైన అంకెగల ఇరువురు సమానముగా ముగించిన ఆట లేనట్లే. హంగరీ సంతతికి చెందిన అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో ఈ గణితమును కల్పించెను. దానిని అంతర్జాతీయ సమాఖ్య 1970లో స్వీకరించెను. ఇది మిక్కిలి నిర్దుష్టమైన గణితము. దానియెడ నాకు గౌరవమే కాని నిరసన లేదు. ఇరువురి నడుమ 200 అంకెల తేడా యున్నచో తక్కువవాడు నూటికి సుమారు 24 పాళ్ళ ఫలము రాబట్టగలడని అది చెప్పును. అంతయు అట్లే జరుగును. సమానులు ఆడినచో గెలిచినవానికి సామాన్యముగా 10 అంకెలు పెరుగును, ఓడినవానికి అంతే తరుగును, డ్రా అయినచో ఎవరి అంకెయు చలింపదు. కాని అంకె చలింపని ఆ సాయంకాలము ఒక మనుష్యుని చేయి గాలిలో ఆగినది. డెబ్బదియేండ్లకు దగ్గరపడిన ఒక మనస్సు తాను మునుపెరుగని ఒక సత్యమును ఎవరును చెప్పకయే పట్టుకొన్నది. దీనిని కొలుచుటకు ఆ గణితము పుట్టలేదు. కొలువబడనిది లేనిదే యని తలచుట మన పొరపాటు. దానికి గణితము బాధ్యురాలు కాదు.

మనము అట్లే తలచుచున్నాము. మన కృష్ణాతీరమున చదరంగ మనగానే అందరి నోట వచ్చునది పతకముల పట్టిక. అది గర్వింపదగిన పట్టికయే. 1987లో గుడివాడలో పుట్టి, విజయవాడలో పెరిగిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ఒక నెల 27 దినముల ప్రాయమున గ్రాండ్‌మాస్టరై, స్త్రీలలో అంతవరకు జూడిట్ పోల్గారు పేరనున్న రికార్డును దాటిరి. తల్లియైన పిమ్మట కొంతకాలము ఆట మాని, తిరిగి వచ్చి, 2019లో మాస్కోయందును, 2024లో న్యూయార్కునందును స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ విజేతలైరి. గుంటూరువారైన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో ప్రపంచ జూనియర్ బిరుదు గెలిచిరి. ద్రోణవల్లి హారిక స్త్రీల ప్రపంచ పోటీలలో మూడుమార్లు కంచు పతకము తెచ్చి, 2024లో బుడాపెస్టు ఒలింపియాడున బంగారము గెలిచిన స్త్రీల జట్టులో నిలిచిరి. ఓరుగల్లు కుర్రవాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు పట్టికలో 2800 దాటినాడు. ఇందులో ఏ ఒక్కటియు చిన్నది కాదు.

అయినను ఈ పట్టికకు వెనుక నిలిచినవా రెవ్వరు? హంపికి ఆట నేర్పినది తండ్రి అశోక్‌గారు. తాను స్వయముగా చదరంగము ఆడుచు, రసాయనశాస్త్ర బోధన చేయుచుండిన మనిషి, కూతురికై ఆ కొలువును వదలుకొనిరి. హరికృష్ణకు నాలుగేండ్ల వయస్సున పావులు చేతికిచ్చినది తాతగారు. ఇంటివారితోను, ఇరుగుపొరుగువారితోను, ఊరి క్లబ్బులో సాయంకాలము వచ్చిపోవువారితోను ఆడి ఓడి, ఆడి గెలిచి, ఆ పైమెట్టు ఎక్కినవారే వీరందరును. ఆ మొదటి ప్రత్యర్థుల పేర్లు ఏ జాబితాయందును లేవు. పంట చేతికి వచ్చిననాడు కంకిని చూచి మురియుట సహజమే. డెల్టాలో పుట్టినవాడు మాత్రము ఆ కంకికి ముందు మడిలో నిలువ యున్న నీటిని మరవరాదు.

ఐనను, క్లబ్బు ఆటగాడు విజేతలను పుట్టించుటకై యున్నవాడను భావమును కూడ నేను పూర్తిగా ఒప్పుకొనను. నారుమడి విలువ పంటతోనే ముగియునని చెప్పినట్లగును. వాని ఆట వానిదే. దానియందలి ఆనందము పరులకొరకు చేయు త్యాగము కాదు. పైవారికిని వీరికిని ఉన్న భేదము పొరపాట్ల సంఖ్యలోనే గాని, జాతిలో కాదు. 2006లో జర్మనీలోని బాన్ నగరమున డీప్ ఫ్రిట్జ్ అను యంత్రముతో ఆడుచు, నాటి ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్, ఎదుట నిలిచిన ఒక్క ఎత్తు కట్టును చూడక మంత్రిని వేరొక చోటికి నడపి, ఆటను పోగొట్టుకొనెను. ఎవరికి కనబడనిది కాదది. ఆట నేర్చిన పిల్లవానికిని కనబడును. ఆయన మనస్సు ఆవలి సంగతిమీద నున్నది. మా పెద్దాయన మనస్సు ఎదుటి రాజుమీద నున్నట్లే. మన్నించుటయందు మనము ఆయనకు చూపిన ఔదార్యమును మన ఊరివారికి చూపవలదా?

ఇచ్చట నాకు శ్రీకృష్ణదేవరాయలు గుర్తుకు వచ్చుచున్నాడు. అరుగుమీదినుండి కానవచ్చు కొండపల్లి దుర్గమును, 1515లో కొండవీటిని గైకొనిన పిమ్మట, ముట్టడించి వశపరచుకొనినవాడాయన. ఏనుగులును గుర్రములును కాల్బలమును నిజముగా నడపి గజపతిని వెనుకకు నెట్టిన ఆ రాయలకు, చదరంగపు బల్లమీద మాత్రము బొడ్డుచర్ల తిమ్మన అను కవి సాటిలేని ప్రత్యర్థియై యుండెనని చాటువులు చెప్పుచున్నవి. నూరుగురు ఒక్కటై రాయలవైపు చేరి ఆలోచన చెప్పినను తిమ్మనయే గెలిచెడివాడనియు, మెచ్చిన రాయలు ఆయనకు కొప్పోలు గ్రామము నొసగెననియు ప్రతీతి. ఈ కథను మనవారు తిమ్మన ప్రతిభకు నిదర్శనముగా చెప్పుదురు. నేను మాత్రము ఇందు రాయలనే చూచుచుందును. సామ్రాజ్యమేలినవాడు, కావ్యము వ్రాసినవాడు, ఓడుదునని తెలిసియు మరల మరల ఆ బల్లముందు కూర్చుండెను. ఆ ఆటలో ఆయనయే మనవంటివాడు. ఓడుటకు సిద్ధపడి ఆడువాడు లేనిచో తిమ్మన గెలుపు ఎవరిమీద? ఆ చాటువు నేటికి నిలుచుటకు తిమ్మన ఎత్తులు ఎంత కారణమో, రాయల ఓటములును అంతే కారణము.

ఓటమికి సిద్ధపడి ఆడుట మన పిల్లలకు దుర్లభమగుచున్నది. విజయవాడ చుట్టుపట్ల చదరంగము నేర్చు చిన్నపిల్లలకు కొదువ లేదు; సెలవులలో పోటీ జరుగు ఏ కల్యాణమండపము చూచినను పిల్లలు, పక్కన టిఫిను డబ్బాలతో తల్లులు కిక్కిరిసి యుందురు. కాని ఎనిమిదవ తరగతి దాటునప్పటికి ‘ఫౌండేషన్’ వచ్చును, పదవతరగతి వచ్చును, ఆపై రెండేండ్లు హాస్టలు గోడలు. రేటింగు చెప్పుకొనదగినంత వచ్చినవాడు ఒకడు కొనసాగును; తక్కినవారి బల్లలు అటకలెక్కును. “ఇంక దానివల్ల ఏం ఉపయోగం అండీ” అని నాతో అన్న తండ్రిని నేను తప్పుపట్టలేను. ఆయన భయము ఎట్టిదో ఎరుగుదును. ఐనను ఆయన ప్రశ్నలో ఒక లోపమున్నది. ఆ పిల్లవానికి సంగీతము నేర్పినప్పుడు విద్వాంసుడు కాకున్నచో నోరు మూయుమని ఆయన అనడు. ఈత నేర్పినప్పుడు పతకము రాకున్నచో కృష్ణలో దిగవద్దని అనడు. చదరంగము మాత్రము శిఖర మెక్కినవారికే తగునను నియమ మెందుకు? మధ్యముడుగా, మధ్యముడనని ఎరిగి, జీవితాంతము ఒక విద్యను ప్రేమించుట కూడ మనుష్యునికి ఒక యోగ్యత. ఆ యోగ్యత మన చదువులలో ఎచ్చటను లేదు.

ఫోనులో ఆడుచున్నారు గదా యని ఎవరైన అనవచ్చును. ఆడుచున్నారు, ఆనందమే. మూడు నిమిషములలో ఆట ముగియును. ఓడినవాడు మీట నొక్కును, వేరొకడు వచ్చును. ఎదుటివాని ముఖము లేదు, గాలిలో ఆగిన చేయి లేదు, ఆట ముగిసిన తరువాతి సంభాషణ లేదు. ఆ సంభాషణయే నా దృష్టిలో ప్రాణము. ఆ ఆదివారమున డ్రా అని చేతులు కలిపిన పిమ్మట, చూచుచున్నవారిలో ఒకడు ఫోను తీసి, ఎవరి ఎత్తు ఎచ్చట తప్పో యంత్రమునడిగి చెప్పెదననెను. 1997లో డీప్ బ్లూ గారీ కాస్పరోవును మూడున్నర–రెండున్నరతో ఓడించిననాటినుండి యంత్రము మనకంటె మెరుగుగా ఎరుగునన్నది వివాదములేని సంగతి. పెద్దాయన చేయడ్డముపెట్టి, “ఉండవయ్యా, ముందు మమ్మల్ని చూసుకోనీ” అనెను. ఇరువురును పావులను వెనుకకు జరుపుచు, జ్ఞాపకముతో ఒక్కొక్క స్థితిని తిరిగి నిలిపిరి. గుర్రము దిక్కులేక నిలిచిన చోటు వచ్చినది.

“ఇక్కడ నీ గుర్రం ఊరికే ఉందిరా అబ్బాయ్. నాకు కనపళ్ళేదు.”

కుర్రవాడు ముందునకు వంగి చూచెను. చెవులు ఎర్రబడినవి. “నాకూ కనపళ్ళేదు తాతగారూ.”

ఒకరికొకరు తమ గ్రుడ్డితనమును అంత నిష్కపటముగా చెప్పుకొన్న సందర్భము నేనీ మధ్య మరెచ్చటను చూడలేదు. గెలిచినవాడు తన గెలుపులోని అదృష్టమును, ఓడినవాడు తన ఓటమిలోని దోషమును ఎదురెదుట కూర్చుండి విప్పిచెప్పుకొను అలవాటు ఈ ఆటకు పుట్టుకతో వచ్చినది. యంత్రము తీర్పు ముందు వచ్చెనా, ఆ అలవాటు చచ్చును. తీర్పు తరువాత వచ్చినచో అది పాఠమగును.

అందుచేత నేను కోరునవి పెద్ద కోరికలు కావు. ఈ బెజవాడ గడ్డమీదనే 1911లో రామమోహన గ్రంథాలయము నెలకొన్నది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు పుస్తకమును పండితుని పెట్టెనుండి వీధిలోనికి తెచ్చిరి. చదువు కొందరిదే కాదని వారు చెప్పిన మాటనే నేను చదరంగమునకు చెప్పుచున్నాను. ఇంటిపన్నుతోబాటు రూపాయికి ఎనిమిది పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు మన మిచ్చుచునేయున్నాము. శాఖా గ్రంథాలయములలో సాయంకాలపు వేళ రెండు బల్లలు, ఒక గడియారము, నాలుగు కుర్చీలు ఉంచుట అసాధ్యము కాదు. ఆట నిశ్శబ్దమైనది, పత్రిక చదువుకొనువానికి భంగము లేదు. ఇంకొక మేలు కలదు. అరుగులమీదను, టీకొట్ల యొద్దను ఆడువారందరు పురుషులే. హంపిని, హారికను కన్న ఈ సీమలో ముప్పదియేండ్ల గృహిణి ఒకతె సాయంకాలము బయట కూర్చుండి ఒక ఆట ఆడుటకు చోటే లేదు. గ్రంథాలయము ఆమె నిస్సంకోచముగా రాదగిన చోటు.

పత్రికలవారికిని నాదొక మనవి. వారమునకొక్కమారు జిల్లాలోని ఎవరో ఇరువురు సామాన్యులు ఆడిన ఒక ఆటను, పొరపాట్లతో సహా, ఎత్తులన్నియు అచ్చువేయుడు. మన మాటలతో వేయుడు. రాజు, మంత్రి, శకటు, గుర్రము, ఏనుగు, బంటు అను ఈ ఆరు మాటలలో శకటును ఎరిగిన పిల్లవాడు నేడు వెదకినను దొరకడు. బిషప్ అనియే అందరి నోట. ఎత్తుకు పైయెత్తు, పావులు కదపుట, ఆట కట్టించుట అని రాజకీయవార్తలలో దినమును ఈ బల్లమీది మాటలనే వాడుకొనుచున్నాము గదా. ఆ మాటలు పుట్టిన బల్లకు వారమునకు నాలుగంగుళముల చోటిచ్చుట ఋణము తీర్చుకొనుటయే యగును. గొప్పవారి ఆటలు చదువరికి ఆశ్చర్యమును కలిగించును. తనవంటివాని ఆట చదివినప్పుడు మాత్రమే, తానైనచో ఇచ్చట ఏమి చేసియుందునని అతడు పెన్సిలు చేతబట్టును.

ఆ సాయంకాలము దీపములు వెలిగిన తరువాత కూడ వారు లేవలేదు. కుర్రవాడు లోపలినుండి ఒక పాత లాంగు నోటుబుక్కు తెప్పించుకొని, ఆట మొదటినుండి ఎత్తులను జ్ఞాపకము చేసికొనుచు వ్రాయసాగెను. మరచిన చోట పెద్దాయన అందించుచుండెను. గుర్రము నిలిచిన ఎత్తు కడకు వచ్చినప్పుడు ప్రశ్నార్థకము పెట్టి, మరుసటి ఎత్తు కడ మరియొకటి పెట్టెను. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి ఆ రెండు గుర్తులను చూచి, తన వేలితో రెండవదానిని తాకి, “ఇది నాదేగా” అనెను. పిదప పావులను సంచిలో వేయుచు, కొండపల్లి ఏనుగును మాత్రము చొక్కా జేబులో వేసికొని లేచెను. దాని తొండమునకు ఇంట ఫెవికాలు పెట్టవలెనట. మెట్టు దిగి చెప్పులు తొడుగుకొనుచు వెనుదిరిగి, “అది జిరాక్సు తీయించి నాక్కూడా ఒకటి ఇవ్వరా” అనెను.